అవ్వ హస్తవాసి

మొన్న మా అమ్మాయికి దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు, ఒంట్లో నలతగా కాస్త జ్వరం. అయినా ఆటలు మానదు, ఫోను వదలదు. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన వీపు మీద స్టెతస్కోపు ఆనించి విన్నాడు, ఎక్స్‌రే వెలుతురుకేసి పట్టి చూశాడు. "మైకోప్లాస్మా అయ్యుండొచ్చు మేడమ్. ఈ మధ్య చాలామంది పిల్లల్లో చూస్తున్నాం, కంగారేం లేదు" అని మందులు రాసిచ్చాడు. ఆయనకది రోజూ పలికే మాటే. నాకు మాత్రం కాదు. ఇంటికొచ్చి పిల్ల వేళ్ళు పట్టుకుని గోళ్ళు చూశాను, కింది రెప్ప లాగి కళ్ళు చూశాను. "దగ్గు ఛాతీలో ఉంటే వేళ్ళు చూస్తావేంటమ్మా?" అని అది నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ రాత్రంతా ఏసీ వెయ్యనివ్వలేదని ఇప్పటికీ నన్ను ఆట పట్టిస్తోంది. మాది కంగారు పడే వంశం కాదు. నేనొక్కదాన్నే ఇలా తయారయ్యాను, దానికో కారణం ఉంది.

అప్పట్లో మేం ముగ్గురం ఆడవాళ్ళం కొండాపూర్ పాత ఊరి వైపు ఒక మేడ మీది వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. మా అక్క శైలజకు హైటెక్ సిటీలో ఉద్యోగం. నేను ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఇంటర్వ్యూలకు తిరుగుతూ, బంద్‌ల వల్ల వాయిదా పడే పరీక్షలకు చదివిందే మళ్ళీ చదువుతూ ఇంట్లో ఉండేదాన్ని. అమ్మానాన్నలకు ప్రొద్దుటూరులో బట్టల కొట్టు వదిలి కదిలే వీలు లేదు. మాకు వండిపెట్టడానికీ, అంతకంటే ముఖ్యంగా మమ్మల్ని కనిపెట్టుకుని ఉండడానికీ అమ్మమ్మను పంపించారు. మా వైపు అమ్మమ్మను అవ్వ అంటారు. కాపలాకు వచ్చిన మనిషి వచ్చిన వారానికే ఇంటికి యజమాని అయిపోయింది.

అవ్వ తెల్లవారకముందే లేచి, సంపులోంచి తోడిన చన్నీళ్ళు నెత్తిన కుమ్మరించుకునేది, అదీ నిండు చలికాలంలో. తర్వాత తడి జుట్టు ముడేసుకుని పొయ్యి వెలిగించేది. మాకు మెలకువ వచ్చేసరికి బొరుగుల ఉగ్గాని తాలింపులో ఎండుమిర్చి ఘాటు గదంతా నిండేది. తుమ్ముకుంటూ లేచేవాళ్ళం. అదే సమయానికి కింద ఇంటిగలామె బాలమణి ఆంటీ వంటింట్లోంచి సర్వపిండి రొట్టె కాలుతున్న వాసన మెట్లెక్కి వచ్చేది. మెట్ల మలుపులో ఈ రెండు వాసనలూ కలిసేవి. ఆఫీసు బస్సు కోసం దిగుతూ అక్క అక్కడ ఒక క్షణం ఆగి గట్టిగా ఊపిరి పీల్చుకునేది. ఆఫీసుకు వెళ్ళాక ఇక ఏ వాసనా ఉండదని అనేది.

అవ్వ దృష్టిలో ఈ లోకంలోని సమస్త వస్తువులూ రెండే రకాలు, వేడి చేసేవీ చలవ చేసేవీ. మామిడిపండు వేడి, మజ్జిగ చలవ. కోడిగుడ్డు వేడి, సబ్జా గింజలు చలవ. అంతవరకూ అందరూ ఒప్పుకునేదే. అవ్వ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. కంప్యూటర్ వేడి. రాత్రి ఉద్యోగం వేడి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మెదడుకు వేడి. ఇంగ్లీషు ఎక్కువసేపు మాట్లాడినా వేడే. "ఆ అద్దాల మేడల్లో కూచ్చోని పిల్ల ఒళ్ళంతా కాలిపోతాంది" అనేది. అక్కడ ఏసీ వేసి చలికి వణికిస్తారు అవ్వా అంటే, "పైన చల్లగుంటే ఏం లాభం, లోపల వేడి లోపల్నే ఉంటాది" అని తోసేసేది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో ఎవరూ లేరు.

ఒక్క బాలమణి ఆంటీ మాత్రం రోజూ వాదించేది. రాష్ట్రం కోసం ఊరూవాడా కదిలిన రోజులవి. ఆంటీ మహిళా సంఘంతో కలిసి ర్యాలీలకు వెళ్ళేది, రోడ్డు మీద బతుకమ్మ ఆడేది. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మెట్ల మీద కూర్చుని అవ్వకు వార్తలు చెప్పేది. "ఇగ వస్తది పెద్దమ్మా, ఆగేటట్టు లేదు" అనేది. "వస్తే రానీలేమ్మా, నేనేమన్నా అడ్డం పడుకున్నానా? మా పిల్ల ఉద్యోగం మింగకుండా రమ్మను" అని అవ్వ. "నీ మనవరాలి ఉద్యోగం మాకెందుకు? మా భూములల్ల లేచిన బిల్డింగులల్ల మా పిల్లలకు కొలువులేవి అని అడుగుతున్నం, గంతే." ఇలా చింతపండు గింజలు తీస్తూ, బియ్యం చెరుగుతూ గంటలు గంటలు. చివరికి ఎవరి చాట వాళ్ళు తీసుకుని లేచేవాళ్ళు. మర్నాడు మళ్ళీ మొదలు. నాకు మాత్రం లోపల గుబులుగా ఉండేది. ఆఫీసుల దగ్గర రాళ్ళు పడ్డాయనీ, బస్సుల అద్దాలు పగిలాయనీ టీవీలో వచ్చినప్పుడల్లా అక్క ఇల్లు చేరేదాకా కిటికీ దగ్గరే నిలబడేదాన్ని. కీడు అటువైపు నుంచే వస్తుందనుకుని నేను రోడ్డు కేసి చూస్తూ ఉంటే, అది దగ్గు రూపంలో ఇంట్లోనే కూర్చుంది.

ముందు ఎవరం లెక్క చెయ్యలేదు. అక్క దగ్గుతూనే ఆఫీసుకు వెళ్ళేది. బంద్ నాడు పోయిన పనికి శనివారాలు వెళ్ళి బదులు తీర్చాలి కాబట్టి సెలవు మాట ఎత్తేది కాదు. వీధి చివర క్లినిక్‌లో ఇచ్చిన యాంటీబయాటిక్ పూర్తిగా వాడినా దగ్గు తగ్గలేదు. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, సాయంత్రమయ్యేసరికి వెచ్చబడటం. మంచాన పడేంత జబ్బు కాదు, తిరిగేంత ఆరోగ్యమూ కాదు. తీరా దగ్గు కాస్త నెమ్మదించింది, గండం గడిచిందనుకున్నాం. ఒకరోజు పొద్దున అక్క అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటుంటే అవ్వ గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకు తిప్పింది.

"అమ్మీ, కండ్లు పచ్చగుండాయి సూడు" అంది. "ఒంటేలుకు ఎట్ల పోతాంది?"

అక్క మొదట సిగ్గుపడి, తర్వాత చెప్పింది. రెండు మూడు రోజులుగా టీ రంగులో వస్తోందట. ఆఫీసులో నీళ్ళు తాగక అనుకుందట.

"పచ్చకామెర్లు" అని తేల్చేసింది అవ్వ. ఆ గొంతులో భయం లేదు, శత్రువును గుర్తు పట్టిన ధీమా ఉంది. ఇన్నాళ్ళ వేడి పైత్యమై రక్తంలోకి ఎక్కిందనీ, దాన్ని చలవతోనే దింపాలనీ వివరించింది. కామెర్లకు ఇంగ్లీషు మందు లేదన్న సంగతి మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. పసరు తాగాలి, పత్యం ఉండాలి. ఉప్పు, నూనె, పసుపు ముట్టకూడదు. మజ్జిగన్నం తినాలి. తెల్లవారుజామున తలారా చన్నీళ్ళు పోసుకోవాలి.

నేను హాస్పిటల్‌కు వెళ్దామన్నాను. అవ్వ ఒప్పుకోదని తెలుసు కాబట్టి కిందికి పరుగెత్తి బాలమణి ఆంటీని పిలుచుకొచ్చాను. అవ్వ ఏది అంటే ఆంటీ దానికి అడ్డం మాట్లాడుతుంది, అదే నా ధైర్యం. ఆంటీ అక్క కళ్ళు చూసింది, గోళ్ళు చూసింది, నాలుక చాపమంది. "అయ్యో బిడ్డా, కామెర్లే. దవాఖానల పండవెడితే ఉత్తగ గ్లూకోజ్ ఎక్కిస్తరు. పసరు పొయ్యాలె. నేల ఉసిరి యాడుంటదో నాకెర్కే" అంది. రాష్ట్రం విషయంలో ఏనాడూ కలవని ఇద్దరు పెద్దమనుషులు పసరు విషయంలో ఒక్కటయ్యారు.

ఆంటీ వెళ్ళి, ఒకప్పుడు వాళ్ళ పెసర చేను ఉన్న చోట, ఇప్పుడు ఐటీ కంపెనీ ప్రహరీకి ఆనుకుని మిగిలిన ఖాళీ జాగాలోంచి నేల ఉసిరి కొంగు నిండా కోసుకొచ్చింది. అవ్వ కడిగి, రోట్లో నూరి, పల్చటి గుడ్డలో పిండి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగించింది. మేడ మీద సంపు నీళ్ళు అక్క తల మీద పోసింది. చలికాలపు నీళ్ళు, బయట ఇంకా మంచు. రెండో రోజు పోస్తున్నప్పుడు నేను తువ్వాలు పట్టుకుని పక్కనే ఉన్నాను. అక్క వేళ్ళ కొసలు నీలంగా మారాయి, చూస్తుండగానే నల్లబడ్డాయి. చెవి తమ్మెలూ అంతే. "అవ్వా, వేళ్ళు చూడు" అన్నాను. అవ్వ చెంబు కింద పెట్టి, ఆ వేళ్ళను తన కొంగులో చుట్టి గట్టిగా రుద్దింది. వేడెక్కాక మళ్ళీ మామూలు రంగుకొచ్చాయి. "పైత్యం దిగుతాంది, అంతే" అంది కానీ, ఎప్పుడూ ఉండే ధీమా ఆ మాటలో లేదు. ఆ రోజు మిగిలిన నీళ్ళు పోయకుండా బకెట్ పక్కకు జరిపింది. మర్నాడు మళ్ళీ పోసింది.

కళ్ళ పచ్చదనం తగ్గకపోగా మొహం పాలిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. బాత్రూమ్‌కు వెళ్ళి వచ్చేలోపే ఆయాసం. ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. చెయ్యి పట్టుకుంటే నాడి పరుగులు పెడుతోంది. ఈసారి అవ్వ పైత్యం మాట ఎత్తలేదు. "ఆటో పిలువు" అంది, అంతే.

ఆ రోజు రోడ్ల మీద వంటా వార్పు. ఉద్యమంలో అదొక నిరసన, రాకపోకలు ఆపి రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ కూర్చుని తింటారు. బాలమణి ఆంటీ కూడా అక్కడే ఉండాల్సింది, మా అరుపులు విని ఆగిపోయింది. ఆటో ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఇరుక్కుని తనూ వచ్చింది. చౌరస్తా దగ్గర ఆపేశారు. పెద్ద పెద్ద గుండిగల్లో పప్పు ఉడుకుతోంది, పొగకు కళ్ళు మండుతున్నాయి. ఆంటీ దిగి, "జర జరుగుండ్రి, పొల్లకు పానం బాగలేదు, కామెర్లు" అని అరిచింది. దారి ఇస్తారనుకున్నాను. ఇచ్చేవాళ్ళే, కామెర్లనే మాట చెవిన పడకపోతే. నలుగురు ఆడవాళ్ళు ఆటోలోకి వంగారు.

"కామెర్లకు దవాఖానకెందుకమ్మా? మా ఊర్ల ఒకాయన కంట్ల పసరు పోస్తడు, మూడు సార్లకు దిగుతది."

"కంట్ల కాదు, ముక్కుల పొయ్యాలె."

"తాగిపిస్తున్నరా? ఏ ఆకు? నేల ఉసిరా? మంచిదే, గని దాంట్ల మేకపాలు కలపాలె, మజ్జిగ కాదు."

గరిటె చేత్తో పట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి, ఆస్పత్రుల్లో ఎలా దోస్తారో మొదలుపెట్టాడు. ప్రాణం మీదికొచ్చి ఆటోలో ఒరిగిపోయిన మా అక్కను చుట్టుముట్టి ఆ రోడ్డు మీద పసరు సభ జరుగుతోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోను? వాళ్ళందరి మొహాల్లో నిజమైన దిగులే ఉంది. అవ్వ తలెత్తలేదు. అక్క తలను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులనూ తన రవికె దగ్గర వెచ్చగా అదిమి పెట్టుకుంది. చివరికి నేనే గొంతు చించుకున్నాను. "పసరు పోశాం! పోసినాకే ఇట్లయింది! దండం పెడతా, వదలండి!" గరిటె పెద్దాయనే అడ్డంగా ఉన్న బండరాయిని పక్కకు దొర్లించి, చెయ్యి ఊపుతూ మా ఆటో ముందు చౌరస్తా దాటేదాకా పరుగెత్తాడు.

హాస్పిటల్‌లో రక్తం తీసుకెళ్ళారు. కాసేపటికి ల్యాబ్ నుంచి ఒకతను వచ్చి, శాంపిల్ గడ్డ కట్టింది, మళ్ళీ తీయాలన్నాడు. మళ్ళీ తీశారు. అదీ పనికిరాలేదన్నారు. ఒంట్లో రక్తమే లేదని వీళ్ళే చెబుతున్నారు, మళ్ళీ మళ్ళీ పిండుతున్నదీ వీళ్ళే అని నాకు ఏడుపొచ్చింది. అప్పుడు వచ్చింది ఆ డాక్టరమ్మ. నడివయసు మనిషి, మాట తక్కువ. సీసాను వెలుతురుకు పట్టి చూసింది. గాజు గోడకు ఎర్రటి రవ్వలా అంటుకుని ఉంది రక్తం. ఆమె దాన్ని గుప్పిట్లో మూసి, చెయ్యి చంకలో పెట్టుకుని, నన్ను దగ్గు గురించి అడగడం మొదలుపెట్టింది. ఎప్పటి నుంచి, జ్వరం ఎంత, ఆఫీసులో ఇంకెవరికైనా ఉందా. మాటల మధ్యలో గుప్పిట తెరిచింది. రవ్వ లేదు, రక్తం నున్నగా జారుతోంది. సీసాను ఏసీ గాలికి పెట్టింది. మళ్ళీ రవ్వ.

"ఇది లివర్ జబ్బు కాదు" అంది. ఊపిరితిత్తుల్లో చేరిన మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చిన న్యుమోనియా. మామూలు న్యుమోనియాలా మంచాన పడేయదు, నడిపిస్తూనే ఉంటుంది. క్లినిక్‌లో ఇచ్చిన మందు దానికి పని చెయ్యదు. దానితో పోరాడటానికి ఒళ్ళు తయారు చేసుకున్న ఆయుధాలు కొందరిలో దారి తప్పి సొంత రక్తకణాల మీదే పడతాయట. అదీ చలి తగిలినప్పుడు. కణాలు ఒకదానికొకటి అతుక్కుని, పగిలిపోతాయి. కళ్ళలో పచ్చదనం ఆ పగిలిన రక్తానిది. కాలేయం పాపం తన పని తాను చేసుకుంటోంది.

తర్వాత ఆమె మామూలుగానే అడిగింది. "చల్లని వాతావరణంలో ఎక్కువ ఉందా? చన్నీళ్ళ స్నానంలాంటిదేమైనా?"

నేను తలుపు వైపు చూశాను. బయట కుర్చీ అంచున అవ్వ కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. "అవును" అన్నాను నెమ్మదిగా. డాక్టరమ్మ నా చూపు ఎటు వెళ్ళిందో చూసింది. ఇంకేమీ అడగలేదు.

అక్క గదిలో ఏసీ ఆపించారు. చేతులకు తొడుగులు, కాళ్ళకు మేజోళ్ళు. ఎక్కించే రక్తాన్ని కూడా ఒక యంత్రంలో వెచ్చబెట్టి ఎక్కించారు. సరిపడే రక్తం దొరకడానికి చాలా సమయం పట్టింది, పరీక్షలో ఏది కలిపినా గడ్డ కడుతోందన్నారు. అంతసేపూ నేను పడ్డ భయం మళ్ళీ జన్మలో పడలేదు. అమ్మానాన్నలు ఫోన్‌లో ఏడుస్తున్నారు. రైళ్ళు ఆగిపోయాయి, బస్సులు తిరగడం లేదు, కారు మాట్లాడుకుని వస్తే దారిలో ఏమవుతుందో తెలియదు. "అవ్వ ఉందిగా, ధైర్యంగా ఉండు" అంటోంది అమ్మ. అవ్వ ఇంటికెళ్ళి తన గొంగడి తెచ్చి అక్క కాళ్ళ మీద కప్పింది. నర్సు వచ్చి "మంచిగ కప్పినవ్ అవ్వా, చలి అస్సలు తాకనియ్యకు" అంటే, ఊఁ అని మాత్రం అంది. ఎందుకని అడగలేదు. ప్రతిదానికీ ఎందుకని అడిగే మనిషి అడగలేదంటే నాకప్పుడే అర్థం కావలసింది.

సరైన మందు పడ్డాక అక్క మెల్లగా తేరుకుంది. మాట్లాడే ఓపిక వచ్చాక డాక్టరమ్మ చెప్పిందంతా తనకు చెప్పాను. కాళ్ళ మీది గొంగడి అంచును వేళ్ళతో సవరించింది. తర్వాత, "అవ్వకు చెప్పొద్దు రమా" అంది. "చచ్చిపోతుంది. నిజంగానే చచ్చిపోతుంది." నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తేలికగానే అనిపించింది.

ఇంటికి వచ్చాక బాలమణి ఆంటీ గుమ్మడికాయ కొట్టి దిష్టి తీసింది. "పెద్దమ్మ పసరే కాపాడింది బిడ్డా నిన్ను" అంది. మేమిద్దరం అవ్వ వైపు చూశాం. అవ్వ ఒక్క క్షణం ఆగి, "అవును మల్ల. ముందే పసరు పడినందుకు బతికింది. దవాఖానోళ్ళు చివర్లో వచ్చి పేరు కొట్టేసినారు" అంది. ఇక అది ఊరంతా పాకింది. కూరగాయల బండి దగ్గర, వినాయకుడి గుడి దగ్గర, మహిళా సంఘం మీటింగులో, ఎక్కడికి వెళ్ళినా అవ్వ హస్తవాసి గురించే మాట. మందు ఒక్కటే అయినా ఇచ్చే చెయ్యి మంచిదై ఉండాలంటారు మనవాళ్ళు. అవ్వ చెయ్యి అంతటిదని పేరు పడింది. విన్నప్పుడల్లా నాకొకటే ఆలోచన. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు పచ్చటి కళ్ళతో మా మెట్లెక్కుతారు. అప్పుడేం చెయ్యాలి? చెబితే అవ్వ పోతుంది, చెప్పకపోతే వచ్చినవాళ్ళు పోతారు. అక్కా నేనూ గుసగుసగా ఇదే తర్జనభర్జన. అడకత్తెరలో పోకచెక్కలా ఉండేది మా బతుకు.

ఇప్పుడు మణికొండలో మేముండే అపార్ట్‌మెంట్లో ఫోన్ల గ్రూపు ఒకటుంది. ఎవరింట్లో జ్వరమొచ్చిందన్నా పదిమంది పది మందులు పెడతారు. ఒకరు కషాయం, ఒకరు ఏదో వీడియో, ఒకరు తన తమ్ముడికి పనిచేసిన టాబ్లెట్ ఫోటో. నాలుగు పెద్ద ఆస్పత్రులు నడిచి వెళ్ళే దూరంలో ఉన్నాయి, ఏ పరీక్షైనా ఇంటికే వచ్చి చేసి వెళ్తారు. ఆ చౌరస్తాలో పసరు సభ చేసినవాళ్ళని తల్చుకుని నవ్వుకోబోతాను, మళ్ళీ గ్రూపు తెరిచి చూసి నవ్వు ఆపుకుంటాను. వాళ్ళయినా ఆటోలోకి వంగి మనిషి మొహం చూసి మాట్లాడారు. అప్పటికంటే ఇప్పుడు మనకు తెలిసింది ఎక్కువే, కాదనను. కానీ ధీమా మాత్రం అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే ఉంది. నా భయం కూడా అంతే ఉంది.

అప్పట్లో మేం భయపడిన ఆ పచ్చ కళ్ళ మనిషి రానే వచ్చింది. లింగంపల్లిలో ఉండే ఆంటీ తమ్ముడి భార్య. చంటిపిల్ల తల్లి. ఒక సాయంత్రం నేనూ అక్కా పైన ఉండగా కింద ఆంటీ గొంతు వినిపించింది. "పెద్దమ్మా, మా మరదలు వచ్చింది, జర కండ్లు సూడు. నీ చేతితోనే పసరు పొయ్యాలె, నీ హస్తవాసి మంచిది." అక్క లేచి నిలబడింది. "ఇక చెప్పేద్దాం" అంది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాం. మలుపు తిరిగేసరికి ఆగిపోయాం.

అవ్వ ఆ అమ్మాయి ఎదురుగా కింద కూర్చుని ఉంది. ఆంటీ తెచ్చిన నేల ఉసిరి కట్ట ఇద్దరి మధ్యా పడి ఉంది. అవ్వ దాన్ని ముట్టుకోలేదు.

"ఈ చేతికి హస్తవాసి లేదు తల్లీ" అంటోంది. "ఈ చేత్తోనే నా మనవరాలిని చంపుకోబోయినా."

"గట్లంటవేంది పెద్దమ్మా?" అంది ఆంటీ. "నువ్వే గదా చెప్పినవ్, పసరుకే బతికిందని."

"అబద్ధం చెప్పినా. నేను పోసిన చన్నీళ్ళకే దాని రగతం ఇరిగిపోయింది. పిల్లను తీసుకోని దవాఖానకు పో బాలమణీ. రగతం పరీక్ష చేపియ్యి. కాలేయమో, ఇంకోటో, ఏమో. నాకు తెలీదు."

నాకు తెలీదు అనే మాట అవ్వ నోట వినడం నాకదే మొదటిసారి. ఆంటీ నేల ఉసిరి కట్టను కాలితో పక్కకు నెట్టి, మరదలి రెక్క పట్టుకుని లేపింది. "నడువు" అంది. ఆ అమ్మాయిది కాలేయం జబ్బేనని తర్వాత తేలింది, మందులతో, విశ్రాంతితో తగ్గింది. పసరు పోసినా తగ్గేదేమో, ఎవరికి తెలుసు? ఆ ఊళ్ళో అవ్వ పేరు మాత్రం ఆ సాయంత్రంతో పోయింది. ఎవరో వెనకాల నవ్వారని కూడా విన్నాం. అవ్వ పట్టించుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక అక్క మెట్లు దిగి అవ్వ పక్కన కూలబడింది. "నీకెవరు చెప్పారు అవ్వా?"

"ఎవరు చెప్పాల? నీ వేళ్ళు నల్లబడింది నేను సూళ్ళేదా? అయినా నమ్మబుద్ధి కాలే. దవాఖాన నుంచి వచ్చినాక మీరిద్దరూ ఒక్క మాట నన్ను అనలేదు సూడు, అప్పుడు రూఢి అయింది. తప్పు లేకుంటే మీరు నన్ను ఊరకే ఇడిసిపెట్టే రకమా?" అవ్వ ముక్కు చీదింది. "మీరు నా కోసరం దాచినారు. మీరు దాచింది నిలబడల్లని నేను అబద్ధం చెప్పుకుంటా తిరిగినా. ఈ పిల్ల కండ్లు సూసినాక నోరు రాలేదమ్మీ."

అక్క ఏడుస్తోంది. అవ్వ అక్క తల నిమరడానికి చెయ్యెత్తి, మధ్యలోనే ఆపేసింది. అప్పుడు తట్టింది నాకు. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అవ్వ అక్క తలకు నూనె పెట్టలేదు, జడ వెయ్యలేదు, అన్నం కూడా దూరం నుంచే జరిపేది. ముసలితనం అనుకున్నాను. అవ్వ తన చేతిని చూసి తానే భయపడుతోందని ఆ ఇంట్లో ఉండి కూడా నాకు తెలియలేదు. గాల్లో ఆగిన ఆ చేతిని అక్క రెండు చేతులతో పట్టుకుని, లాక్కుని, తన తల మీద పెట్టుకుంది. అవ్వ వెనక్కి తీసుకోబోయింది. అక్క వదల్లేదు.